సర్వీస్ ఫ్యాక్టర్: ఒకటి

గిర్రున తిరిగే ఫ్యానులో వేలు పెట్టేవాడు ఎవడూ ఉండడు. అదే నిమిషానికి తొమ్మిది చుట్లు తిరిగే యంత్రం పక్కనైతే నిలబడి ఆవులిస్తారు. ఇంత మెల్లగా తిరిగేదాంట్లో ఏం బలముంటుందిలే అనుకుంటారు. బలమంతా అందులోనే ఉంది. చిక్కటి బంకనో, తడి మట్టినో, ముద్దకట్టిన కాగితపు గుజ్జునో కలపాలంటే వేగం దేనికీ పనికిరాదు, మణికట్టు గట్టిదై ఉండాలి. మోటారేమో పుట్టుకతోనే తొందరమనిషి. నిమిషానికి పద్నాలుగు వందల చుట్లు తిరుగుతుంది గాని తిప్పే బలం అంతంత మాత్రం. దానికీ యంత్రానికీ మధ్య గేరుబాక్సు పెడితే, అది ఆ తొందరనంతా మింగి, బదులుగా బలాన్ని ఇస్తుంది. ఏ యంత్రానికి ఎంత మోటారు పెట్టాలి, ఎంత గేరుబాక్సు పెట్టాలి అని తేల్చే ఉద్యోగం ఒకటుంటుందని చాలామందికి తెలియదు. ఇరవై ఆరేళ్లుగా ఆయన చేస్తున్నది ఆ ఉద్యోగమే.

ఆఫీసులో అందరూ ఆయన్ని మోటారాయన అనేవాళ్లు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. రెండో అంతస్తులో పొడుగాటి గది, కిటికీలోంచి చూస్తే వర్క్‌షాపు రేకుల కప్పు, గదిలో ఎదురెదురుగా రెండు టేబుళ్లు. ఆయన టేబుల్ మీద దిండ్లంత లావు కేటలాగులు, అంకెలు అరిగిపోయిన కాలిక్యులేటరు, చెక్కి ఉంచిన పెన్సిళ్లు. కొత్త యంత్రం కాగితం చేతికొస్తే, ముందు కుడిచెయ్యి గాల్లోకెత్తి బిగుసుకుపోయిన సీసా మూత తీస్తున్నట్టు మణికట్టు మెల్లగా తిప్పేవాడు. ఆ తరువాతే లెక్క. ఇంట్లో నిజంగా మూత బిగుసుకుంటే మాత్రం భార్య ఆయన చేతికి ఇచ్చేది కాదు. "మీరు లెక్క తేల్చేలోగా లోపలున్నది పాడైపోతుంది," అని తనే గట్టుకేసి ఒక్కటి కొట్టి తీసేసేది.

ఎదుటి టేబుల్ పెద్దాయనది. యంత్రాన్ని తిప్పడానికి ఎంత బలం కావాలో లెక్కగట్టి, లోడ్ షీటు అనే కాగితం మీద రాసి ఇవ్వడం ఆయన పని. ఆ అంకెను పట్టుకుని మోటారూ గేరుబాక్సూ ఎంచడం మోటారాయన పని. పెద్దాయనకు చిన్న వయసులోనే ఒక దెబ్బ తగిలింది. ఆయన లెక్కతో కట్టిన యంత్రమొకటి పనిలో ఉండగా ఇరుసు విరిగి, పదిమందిలో తల దించుకోవలసి వచ్చింది. అప్పటినుంచీ ఆయన నీళ్లు చూపించినా తేనె అని రాసే రకం అయ్యాడు. ఆరువేల బలం చాలుతుందంటే తొమ్మిదివేలని రాసేవాడు. ఎక్కువ కలిపినట్టు ఎక్కడా చెప్పేవాడు కాదు. కలిపేదేదో కాస్త చిక్కగా ఉందనీ, తొట్టె కాస్త నిండుగా ఉంటుందనీ రాసేసి, ఆ అదనపు బలాన్ని లెక్క లోపలే దాచేసేవాడు.

మోటారాయన ఈ సంగతి చేరిన రెండో ఏటే పట్టేశాడు. పెద్దాయన లెక్కతో కట్టిన యంత్రాలకు కరెంటు మీటరు తగిలించి చూస్తే, మోటార్లన్నీ సగం నిద్రలో పని చేస్తున్నాయి. అసలు నియమం ప్రకారం అదనపు బలం కలపవలసింది మోటారాయనే. ఆయన కాగితంలో సర్వీస్ ఫ్యాక్టర్ అని ఒక గడి ఉంటుంది. యంత్రం మధ్యలో ఇరుక్కోవచ్చు, చలికి పదార్థం బిగుసుకోవచ్చు, రోజుకు పదిసార్లు ఆపి మళ్లీ నడపవచ్చు. వీటన్నిటినీ తట్టుకోవడానికి వచ్చిన లోడును ఒకటిన్నరతో హెచ్చవేయాలని పుస్తకం చెబుతుంది. పెద్దాయన అప్పటికే దొంగచాటుగా ఒకటిన్నర వేసి ఇస్తుంటే, దాని మీద ఈయన మళ్లీ ఒకటిన్నర వేస్తే అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. అందుకని ఆ గడిలో "ఒకటి" అని రాసేవాడు. అంటే ఏమీ కలపలేదన్నమాట.

ఇరవై రెండేళ్లు ఇలాగే నడిచింది. నేను కలుపుతున్నానని ఆయన చెప్పలేదు, మీరు కలుపుతున్నారని నాకు తెలుసని ఈయన చెప్పలేదు. ఒకే కిటికీ గాలి పీల్చుకుంటూ, ఒకే ఫ్లాస్కులో టీ పంచుకుంటూ, ఒకరి గుట్టు ఒకరు కడుపులో పెట్టుకున్నారు. చెబితే పెద్దాయన నొచ్చుకుంటాడని ఈయన మొహమాటం. పైగా యంత్రాలు బంగారంలా నడుస్తుంటే కదిలించడం దేనికి? ఒక్క గేరుబాక్సూ విరిగి వెనక్కి రాలేదు. ఆ ఇద్దరి జోడీ అంటే ఆఫీసంతటికీ గురి. పెద్దాయన రిటైరైన ఏడాదికే పోయాడు. ఆయన ఫోటో ఆ గదిలోనే, ఆయన టేబుల్ వెనక గోడకు పెట్టారు. కొత్త మనిషి వచ్చేదాకా ఆయన పాత లోడ్ షీట్లతోనే నెట్టుకొచ్చారు.

ఆ టేబుల్ దగ్గరకు పరీక్ష రాసి, ఇంటర్వ్యూ నెగ్గి వచ్చింది మోటారాయన కూతురు. ఇంట్లో ఆమెను దశాంశం అనేవాళ్లు. ఆరేళ్లప్పుడు తలుపు పక్కన నిలబెట్టి ఎత్తు కొలిచి తల్లి "నూట పదకొండు" అంటే, "కాదు, నూట పదకొండూ పాయింట్ నాలుగు" అని ఏడ్చి, మళ్లీ కొలిపించుకుంది. ఆ పేరు ఎవరు మోశారో గాని ఆమె చేరిన వారంలోనే ఆఫీసుకూ చేరింది. ఇంట్లో "నాన్నా, నువ్వు" అనే పిల్ల ఆఫీసు మెట్లెక్కగానే "సార్, మీరు" అనేది. ఈయన కూడా మొహం బిగించుకుని "కాగితం అక్కడ పెట్టండి" అనేవాడు. లోపల మాత్రం పొంగిపోయేవాడు. ఎదుటి టేబుల్ దగ్గర ఆ తల వంచుకుని రాసుకుంటుంటే, కేటలాగు తెరిచి చదువుతున్నట్టు నటిస్తూ అలాగే చూసేవాడు.

ఆమెకు వచ్చిన మొదటి పెద్ద పని ఒక బంక ఫ్యాక్టరీది. అట్టపెట్టెలు అతికించే బంకను కలపడానికి పెద్ద తొట్టె, అందులో నిమిషానికి తొమ్మిది చుట్లు తిరిగే రెక్కలు. దశాంశం నాలుగుసార్లు ఆ ఫ్యాక్టరీకి వెళ్లింది. రాత్రంతా తొట్టెలో ఆరిన బంక తెల్లవారుజామున ఎంత బిగుసుకుంటుందో తెలుసుకోవాలని, సూర్యుడు రాకముందే బస్సెక్కి వెళ్లి, చలికి వణుకుతూ డబ్బాలోకి తీసి కొలుచుకుంది. పెద్దాయన తన జన్మలో అలా వెళ్లి ఎరుగడు. తిప్పే బలాన్ని కొలిచే న్యూటన్ మీటర్లలో ఆమె లెక్క ఆరువేల నూట ఎనభై అని తేలింది. గింజకు గింజ, చుక్కకు చుక్క. ఉన్నదున్నట్టు, ఎక్కువ లేదు, తక్కువ లేదు.

ఆ కాగితం చేతికొచ్చినప్పుడు మోటారాయన దాన్ని రెండుసార్లు చదివాడు. తప్పు వెతకడానికి కాదు, ముచ్చటేసి. పెద్దాయన బతికుంటే చూపించేవాణ్ణి కదా అనుకున్నాడు. తన కాగితం తీసి లోడు గడిలో ఆరువేల నూట ఎనభై వేశాడు. దాని పక్క గడి దగ్గరకొచ్చాడు. అప్పుడే దశాంశం ఫ్లాస్కులోంచి టీ పోసి ఆయన ముందు పెట్టి, ఎవరూ వినకుండా "బాగుందా నాన్నా?" అంది. ఆఫీసులో నాన్నా అనడం అదే మొదలు. ఆయన నవ్వుతూ తలూపాడు. చెయ్యి ఆ గడిలో "ఒకటి" రాసేసింది. ఇరవై రెండేళ్లుగా రాస్తున్న చెయ్యి, దానికి బుర్రతో పనేముంది? కేటలాగులో ఆరువేల మూడు వందలు తట్టుకునే గేరుబాక్సు చూసి, సంతకం పెట్టి, టీ తాగాడు.

పదకొండు వారాలకు బంక ఫ్యాక్టరీ నుంచి ఫోను వచ్చింది.

తండ్రీ కూతుళ్లిద్దరూ వెళ్లేసరికి తొట్టె నిండా బంక గడ్డకట్టి ఉంది. రెక్కలు అందులో పాతేసినట్టు నిలబడిపోయాయి. ముగ్గురు మనుషులు తొట్టెలోకి దిగి ఉలులతో, సుత్తులతో బంకను చెక్కి బయటికి పోస్తున్నారు. ఫ్యాక్టరీ యజమాని కేకలు వేస్తాడనుకున్నారు. ఆయన కేకలు వేయలేదు, కుర్చీ లాక్కుని కూర్చుని ఆ ఉలుల చప్పుడు వింటున్నాడు. కేకలు వేసినా అంత బాధ ఉండేది కాదు. మోటారాయన గేరుబాక్సు మూత విప్పించి లోపలికి చూశాడు. పెద్ద చక్రానికి మూడు పళ్లు విరిగి నూనెలో పడున్నాయి. మిగిలిన పళ్లను వేలితో నిమిరాడు. గరుకుగా, గుంటలు గుంటలుగా తగిలింది. ఇనుములో లోపముంటే అలా ఉండదు. రోజూ పొద్దున్నే బిగుసుకున్న బంకను పెకలించలేక పెకలించి, పెకలించలేక పెకలించి అలిసిపోయిన పళ్లవి.

అక్కడే, నూనె వేళ్లతో వంగి ఉండగానే ఆయనకు ఆ గడి గుర్తొచ్చింది. ఈసారి కలిపినవాళ్లు ఎవరూ లేరు.

"సార్, ఇనుములో లోపమేమో?" అంది దశాంశం పక్కన నిలబడి, నోటుబుక్కు తెరిచి.

"ఆఫీసుకెళ్లి చూద్దాం," అన్నాడు. గడిలో ఒకటి వేశానన్న ఒక్క ముక్క అక్కడే చెప్పేసి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. తలో మాటా పడి, గేరుబాక్సు మార్చి, పదిరోజుల్లో మరిచిపోయేవాళ్లు.

మర్నాడు మేనేజరు గదిలో కూర్చున్నారు. మేనేజరు చెడ్డవాడు కాదు, తొందరున్నవాడు. టేబుల్ మీద రెండు కాగితాలూ పక్కపక్కనే పెట్టాడు, కూతురి లోడ్ షీటూ, తండ్రి ఎంపిక కాగితమూ. దశాంశం తండ్రి కాగితాన్ని మొదటిసారి పూర్తిగా చూసింది అప్పుడే. ఆమె వేలు తిన్నగా ఆ గడి మీదికే వెళ్లింది.

"సార్, ఇక్కడ ఒకటి అని ఉంది. ఒకటిన్నర ఉండాలి కదా?"

మేనేజరు తలెత్తి మోటారాయన వంక చూశాడు. కూతురూ చూసింది. ఆ చూపులో నిలదీయడం లేదు. తెలియనిది చెప్పించుకుందామన్న చూపు, చిన్నప్పుడు భోజనాల దగ్గర లెక్కలడిగిన చూపే. ఇరవై ఆరేళ్లలో ఎవరూ తన కాగితం మీద వేలు పెట్టలేదు.

"మన ఆఫీసులో ఎప్పుడూ ఒకటేనమ్మా," అన్నాడు.

అందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు. అంతకన్నా పెద్ద అబద్ధం ఆయన తన జన్మలో ఆడలేదు. మేనేజరు పాత ఫైళ్లు తెప్పించి, గబగబా పది తిరగేశాడు. అన్నిటిలోనూ ఒకటి, ఒకటి, ఒకటి. అన్ని యంత్రాలూ ఈ రోజుకీ తిరుగుతున్నాయి.

"అంటే లోడులోనే అన్నీ కలిపి ఇవ్వడం మన పద్ధతన్నమాట," అన్నాడు మేనేజరు. "ఏమ్మా, నువ్వు కలపలేదా?"

"నాకు తెలియలేదు సార్," అంది దశాంశం.

"తెలుసుకోవద్దా? ఎదురుగా కూర్చున్నది కన్నతండ్రే కదా, ఒక్క మాట అడిగితే పోయేది."

ఆమె తల వంచుకుంది. తండ్రి గోడ వైపు చూశాడు. కంచే చేను మేయడమంటే ఏమిటో ఆ గదిలో ఉన్న ముగ్గురిలో ఒక్కడికే తెలుసు.

ఆ రోజు బస్సులో ఇంటికెళ్తూ ఆయన తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. చిన్నపిల్ల, మొదటి పని, ఒక మాట పడితే దులుపుకుని పోతుంది. తనలా వయసు మీదపడ్డవాడు తప్పు చేశాడని తేలితే ఇరవై రెండేళ్ల ఫైళ్లన్నీ తిరగేస్తారు, పెద్దాయన ఫోటోకి కూడా మచ్చ. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది. మనిషి తనను తాను మోసం చేసుకోవాలనుకుంటే కారణాలకు కరువా?

అది సర్దుకోలేదు. వారం తిరక్కుండా దశాంశాన్ని కింది అంతస్తులో రికార్డు గదికి మార్చారు. డ్రాయింగులకు నకళ్లు తీసి, నంబర్లు వేసి, బీరువాల్లో సర్దే పని. శిక్ష అని ఎవరూ అనలేదు, కొన్నాళ్లు అక్కడ ఉండమన్నారంతే. ఎదుటి టేబుల్ ఖాళీ అయింది. మోటారాయన తలెత్తితే ఇక పెద్దాయన ఫోటో ఒక్కటే.

ఇంట్లో ఆమె ఏడవలేదు, అలగలేదు. పెట్టింది తినేది, కంచంలో సగం వదిలేసి లేచేది. ఒక ఆదివారం మధ్యాహ్నం తల్లి ముందుగది కిటికీకి కొత్త తెరలు కుడదామని కొలత తీయమంది. దశాంశం స్టూలెక్కి టేపు పట్టి కొలిచింది. కాగితం మీద రాసుకుని మళ్లీ కొలిచింది. కొట్టేసి మళ్లీ కొలిచింది. నాలుగోసారి టేపు పట్టుకుని అలాగే నిలబడిపోయి, దిగొచ్చి టేపు తల్లి చేతిలో పెట్టింది. "నువ్వే కొలువమ్మా, నావి తేడాగా వస్తాయి," అని లోపలికి వెళ్లిపోయింది. కాగితం మీద మూడు కొలతలూ ఒకటే. చుక్క తేడా లేదు.

తల్లి ఆ కాగితం తెచ్చి భర్త ముందు పెట్టింది. "మీరేమైనా అన్నారా దాన్ని?"

"నేనేమీ అనలేదే."

"అదే నేనూ అడుగుతున్నా. ఇన్నాళ్లైంది, ఒకే ఆఫీసులో పని చేస్తారు, తండ్రి అయినందుకు ఏదో ఒకటి అనొద్దా?"

ఆయన ఆ మూడు అంకెల వంక చూస్తూ కూర్చున్నాడు. ఆరేళ్ల పిల్ల పాయింట్ నాలుగు కోసం ఏడిస్తే మళ్లీ కొలిచి, "నీదే కరెక్టు" అని ఒప్పుకున్న ఇల్లు ఇదే. తన పిల్లలోంచి తనే ఏదో పీకేశాడని ఆయనకు ఆ మధ్యాహ్నం అర్థమైంది. అర్థమవడానికి మూడు నెలలు పట్టింది. ఇక చెప్పేయాలనుకున్నాడు. చెప్పి ఆమెను ఆ టేబుల్ దగ్గరకు, ఆమె అంకెల దగ్గరకు తీసుకురావాలి. అంతకు మించి ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు.

ఉత్త మాట చాలదని ఆయనకు తెలుసు. మీటరు సంచిలో వేసుకుని, పెద్దాయన లెక్కతో కట్టిన పాత యంత్రాలున్న మూడు చోట్లకు వెళ్లాడు. ఇటుకల ఫ్యాక్టరీలో మట్టి కలిపే తొట్టె, కాగితం మిల్లులో గుజ్జు తిప్పే తొట్టె, రంగుల ఫ్యాక్టరీలో ఒకటి. మూడు చోట్లా ఒకటే కథ. మోటారు మోయగలిగిన దానిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. అన్నీ తేదీలతో సహా రాసుకుని, సోమవారం పొద్దున్నే మేనేజరు గదిలోకి వెళ్లి నిలబడే చెప్పాడు.

"తప్పు నాదండీ. అమ్మాయి లెక్క సరైనదే. పెద్దాయన చెప్పకుండా ప్రతి లెక్కలోనూ సగం ఎక్కువ కలిపేవాడు, నేను అది తెలిసే ఒకటి వేసేవాణ్ణి. అమ్మాయి ఉన్నదున్నట్టు రాసింది. నేను అలవాటున మళ్లీ ఒకటే వేశాను. ఇదిగో చూడండి, పాత యంత్రాలన్నీ సగం లోడు మీదే తిరుగుతున్నాయి."

మేనేజరు ఆ అంకెలు శ్రద్ధగానే చూశాడు. చూసి, నిట్టూర్చాడు.

"చూశారా మరి, పెద్దాయన లెక్కంటే అదీ. అన్నేళ్లైనా మోటార్లు చెక్కు చెదరలేదు. లోడ్ షీటంటే అలా ఉండాలనే కదా నేను అప్పుడు చెప్పింది."

"అది లోడు కాదండీ, ఆయన దాచిన అదనం."

"ఆయన ఎక్కడైనా రాశాడా దాచానని?"

"లేదు."

"మీతో అన్నాడా?"

"లేదండీ."

"మీరు ఎవరితోనైనా అన్నారా?"

మేనేజరు లేచి వచ్చి మోటారాయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతిలో జాలి ఉంది, అదే ఆయన్ను చంపేసింది.

"కూర్చోండి ముందు. నాకూ ఆడపిల్లలున్నారు, నాకు తెలీదా? కాకిపిల్ల కాకికి ముద్దు. అయినా పోయినవాడి మీద నింద వేయడం మీకు తగదు, ఈ వయసులో మీ మీద మీరు వేసుకోవడమూ బాగోదు. ఆ రోజు అమ్మాయి అడిగితే ఎప్పుడూ ఒకటేనని మీరే కదా చెప్పారు? ఈ మాట నిజమైతే అప్పుడే అని ఉండేవారు."

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. మూడు నెలలు నిలకడగా నిలబడింది అబద్ధమే, ఇప్పుడు నిజానికి కాలు మోపే చోటు లేదు. తన కూతురు కాకపోయి ఉంటే నమ్మేవాళ్లేమో. తండ్రి నోట వచ్చేసరికి ప్రతి మాటా ప్రేమే అయిపోయింది. ఇక ఆయన ఎంత ఒట్టేసి చెబితే అంత మంచి తండ్రి అవుతాడు.

మేనేజరు తన కుర్చీలోకి వెళ్లి, "ఒక పని చేద్దాం," అన్నాడు. "ఆ లెక్క మళ్లీ చేసి, తప్పెక్కడ జరిగిందో కనిపెట్టి రాసిమ్మని అమ్మాయికి పోయిన నెలే చెప్పాను. రాసిచ్చాక మీరు సరిచూసి సంతకం పెట్టండి. అది ఫైల్లో పెట్టేసి టేబుల్ తనకు తిరిగి ఇచ్చేస్తాను. తెలివైన పిల్ల, నాకూ వదులుకోవాలని లేదు."

ఆ సాయంత్రం ఆయన ఇంటికెళ్లేసరికి దశాంశం వరండాలో నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ కాగితాలు. ఇంకా వెలుతురుంది, దీపం వేయలేదు. ఆయన చెప్పులు కూడా విప్పకుండా మెట్టు మీద కూర్చున్నాడు. ఇంత దగ్గరగా కూర్చుని ఎన్నాళ్లైందో.

"అమ్మా, నీతో ఒకటి చెప్పాలి. ఆ గేరుబాక్సు విరిగింది నా వల్ల. నీ లెక్కలో తప్పు లేదు. ఆ రోజు నువ్వు అడిగిందే సరైనది, ఒకటిన్నర వేయాలి. నేను వేయలేదు. మేనేజరు ముందు చెప్పే ధైర్యం లేక నీ మీదికి తోసేశాను."

ఒక్క ఊపిరిలో అనేశాడు. ఇన్నాళ్లూ పర్వతమంత అనుకున్నది నాలుగు మాటలే. ఆమె కోప్పడుతుందని, కాగితాలు విసిరికొడుతుందని, ఎలా చేయగలిగావు నాన్నా అని అరుస్తుందని ఎదురుచూశాడు. అరిస్తే బాగుండునని ఆశపడ్డాడు.

దశాంశం మెత్తగా నవ్వింది.

"మేనేజరు గారు మధ్యాహ్నం కిందికొచ్చి చెప్పారు, నువ్వు ఇలా అంటావని. ఎందుకు నాన్నా? నా కోసం నువ్వు మాట పడటం నాకిష్టం లేదు."

"నీ కోసం కాదు, నిజంగానే."

"సరేలే. ముందు ఇది చూడు. తప్పు దొరికింది నాన్నా." ఆమె కళ్లు మెరుస్తున్నాయి. "ఎన్నిసార్లు చేసినా ఆరువేల నూట ఎనభయ్యే వచ్చేది. పిచ్చెక్కిపోయింది. నిన్న దొరికింది. చలి వల్ల బంక బిగుసుకోవడం నేను లెక్కలో వేసుకోలేదు. అది కలిపితే తొమ్మిదివేల రెండు వందల డెబ్బై. పెద్దాయన అయితే సరిగ్గా అంతే వేసేవారు కదా?"

ఆయన కాగితం అందుకుని చదివాడు. ముత్యాల్లాంటి అంకెలు, గీతలు కొట్టినట్టు వరుసలు. నాలుగో వరుసలో చలికని చెప్పి ఒకటిన్నరతో హెచ్చవేసింది. అది తప్పు. చలి మొదటి వరుసలోనే ఉంది.

"నువ్వు బంక కొలిచింది తెల్లవారుజామునే కదమ్మా? చలికి వణుకుతూ కొలిచానని చెప్పావు. చలి నీ కొలతలోనే ఉంది. ఇక్కడ మళ్లీ వేస్తే రెండుసార్లు వేసినట్టవుతుంది. నీ మొదటి లెక్కే సరైనది."

ఆమె ఆ నాలుగో వరుసను మళ్లీ వేలితో తడుముకుంది.

"ఆ రోజు అంత చలి లేదేమో నాన్నా. నాకు సరిగ్గా గుర్తులేదు."

ఏ రోజు ఏ బస్సెక్కిందో, ఆ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమో పదేళ్ల తరువాత అడిగినా చెప్పే పిల్ల. మళ్లీ చెప్పాడు, ఇంకోలా చెప్పాడు, మీటరు అంకెలు తీసి చూపించాడు. ఆమె ఓపిగ్గా వింది, జబ్బుపడినవాళ్ల మాటలు వినే ఓపికతో. చివరికి ఆయన చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, తప్పు ఎక్కడుందో తెలియకుండా మూడు నెలలు బతికాను. నాలో ఏదో చెడిపోయిందనుకున్నాను. ఇప్పుడు తెలిసింది, చిన్నదే, ఇంకెప్పుడూ చేయను. దీన్ని కూడా తప్పంటే నేనేం చేయాలో చెప్పు. నువ్వు సంతకం పెడితే రేపు పొద్దున్న నా టేబుల్ నాకిస్తారు."

కాగితం కింద గీత గీసి ఉంది. సరిచూసినవారు అని రాసి, పక్కన చోటు వదిలింది. పెట్టకపోతే రికార్డు గది. పెడితే ఈ పిల్ల ఇక బతికినంతకాలం లేని చలిని కలుపుతూ పోతుంది, తను ఆ గడిలో ఒకటి వేస్తూ పోతాడు, యంత్రాలు హాయిగా తిరుగుతాయి. ఎవరికీ ఏ నష్టమూ ఉండదు. చేతులు కాలాక పట్టుకోవడానికి ఆయనకు ఆకులు కూడా మిగల్లేదు, ఒక పెన్ను మిగిలింది.

సంతకం పెట్టాడు.

ఆమె కాగితం లాక్కుని, ఆరిందో లేదో చూసుకుని, "అమ్మా, ఆకలేస్తోంది!" అని కేకేస్తూ లోపలికి పరుగెత్తింది. గిన్నెలు కదిలిన చప్పుడు. తల్లి నవ్వు.

"నేను చెప్పలేదూ? మీ నాన్నకు చూపిస్తే తప్పెక్కడుందో ఇట్టే పట్టేస్తారని."

"నాన్న పట్టలేదమ్మా. నేనే పట్టాను," అంది దశాంశం. మోటారాయన మెట్టు మీదే కూర్చుని ఆ మాట విన్నాడు. మూడు నెలల్లో ఆ గొంతులో గర్వం వినిపించడం అదే మొదటిసారి.